మొదటి పన ఎవరి గుమ్మానికి

మా చర్చిలో కోత పండగ నాడు దెబ్బలాట జరగని సంవత్సరం నాకు గుర్తు లేదు. ఆరాధన అయిపోతుంది, అయ్యగారు దీవెన ఇచ్చేస్తారు, ఆవరణలో వేలంపాట మొదలవుతుంది. అక్కణ్ణించి అసలు పండగ. గుమ్మడికాయ మీద పంతం, కోడిపెట్ట మీద పంతం, అరటిగెల మీద పంతం. పొద్దున్న ఒకే పాటల పుస్తకం పట్టుకుని పక్కపక్కన నిలబడ్డవాళ్ళే మధ్యాహ్నానికి ఒకరి కాలరు ఒకరు పట్టుకుంటారు. పాలకొల్లు దగ్గర కాలవ గట్టు మీద చిన్న ఊరు మాది. మర్యాదకి లోటుండదు. కొట్టేటప్పుడు కూడా "ఏంటండీ చూస్తున్నారు, రండి" అనే కొడతారు.

అన్నిటికంటే పెద్ద పంతం మొదటి పన మీద. సార్వా పంట కోతల్లో మొట్టమొదట కోసిన వరి కట్టని చర్చికి తెచ్చి, ప్రార్థన చేసి, వేలం వేస్తారు. దాన్ని ఎవరు పాడుకుంటే ఆ ఏడాది క్రిస్మస్ కేరల్స్ వాళ్ళ గుమ్మంలోనే మొదలవ్వాలి. సంఘమంతా డోలక్కులూ తాళాలూ పట్టుకుని ముందు వాళ్ళింటికి వెళ్ళాలి, ఆ తర్వాతే మిగతా వీధులు. మాది ఊళ్ళో చిట్టచివరి వీధి. మా గుమ్మం దాకా వచ్చేసరికి పాడేవాళ్ళ గొంతులు బొంగురుపోయి, ఒక్క చరణంతో సరిపెట్టేసేవారు. కొన్నేళ్ళు ఆ ఒక్క చరణానికీ రాలేదు. వాళ్ళ కోసం పెట్టిన టీని అమ్మ మళ్ళీ మళ్ళీ కాచి, చివరికి దొడ్లో పారబోసేది.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మొదటి పన సంఘ పెద్దదే. ఆయనకి షామియానా సామాన్ల కొట్టు ఉంది. కుర్చీలు, గుడారాలు, వంట గుండిగలు, మైకులు, ఆఖరికి శవాన్ని పెట్టే ఐస్ పెట్టె కూడా ఆయన దగ్గరే. పెళ్ళయినా చావయినా ఆయన గుమ్మం తొక్కక తప్పదు. అలాంటి మనిషి మీద పోటీకి పాడే మొనగాడు ఎవడుంటాడు? ఆయన ఒక మాట అనేవాడు, పాట పిలిచే మాస్టారు మూడుసార్లు పిలిచేవారు, పన ఆయన మేడకి వెళ్ళిపోయేది.

నాకు ఊహ రాకముందు ఒక్కసారి మాత్రం మా నాన్న పాడాడు. నాన్న కూలిపని చేసేవాడు. ఆ రోజు కాస్త తాగి ఉన్నాడు కూడా, దాచడం ఎందుకు. అందరి వెనకా నిలబడి చెయ్యెత్తి, పెద్దాయన పాట మీద ఇంకో మెట్టు పెంచాడు. జనం నవ్వారు. పెద్దాయన కూడా నవ్వుతూనే అరుగు దిగి వచ్చి, నాన్న చెంప ఛెళ్ళుమనిపించాడు. "పాడే మొహమేనా ఇది?" అన్నాడు. నాన్న వెళ్ళి వేలానికి పెట్టిన గుమ్మడికాయల మీద పడ్డాడు. ఒక్కరూ లేపలేదు.

నేను అప్పుడు అమ్మ చంకలో ఉన్నాను, నాకేమీ తెలియదు. చూసింది అక్క. గౌను వేసుకుని ముందు వరసలో కూర్చుందట. దెబ్బ కంటే ఆ చప్పుడే దానికి ఎక్కువ గుర్తు. ఎండిన తాటిమట్ట విరిచినట్టు వినబడిందనీ, చర్చి కప్పు మీది పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయనీ చెబుతుంది. ఇంట్లో గిన్నె కింద పడినా ఉలిక్కిపడి చెవులు మూసుకునేది. నాన్న ఆ తర్వాత చర్చి మెట్లెక్కలేదు. తాగుడు ఎక్కువై, కాలేయం పాడై పోయాడు. పోయిన రోజున ఆయన్ని ఆ పెద్దాయన ఐస్ పెట్టెలోనే పడుకోబెట్టాం. వేరే గతి లేదు. అది తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ నా పళ్ళు వాటంతట అవే బిగుసుకుంటాయి.

అక్క కువైట్ వెళ్ళింది. మా వైపు ప్రతి వీధి నుంచీ ఎవరో ఒక ఆడది గల్ఫ్‌లో ఎవరి ఇల్లో తుడుస్తూనే ఉంటుంది. ఒకసారి పిల్లాడి చొక్కా మాడ్చిందని మేడం అదే ఇస్త్రీపెట్టె దాని ముంజేతికి ఆనించింది. అక్క ఆ మచ్చని వీడియోలో చూపించి, "చల్లారిందిలే చెల్లీ" అని నవ్వింది. నేను ఫోన్‌ని గోడకేసి కొట్టాను. నా కోపం అలాంటిది, ముందు చెయ్యి లేస్తుంది, తర్వాత బుర్ర పనిచేస్తుంది. అక్క పంపిన డబ్బుతోనే ఇంజినీరింగ్ చదివాను, ఉద్యోగం తెచ్చుకున్నాను, ఇంటి నుంచే పని చేస్తున్నాను. తిరిగొచ్చెయ్యవే అంటే రాదు. దానికి ఉన్న కోరిక ఒక్కటే. ఏడాదికోసారి, కోతల రోజుల్లో, అదే మాట అంటుంది.

"మొదటి పన ఒక్కసారి మనింటికి రావాలి చెల్లీ. కేరల్స్ మన గుమ్మంలో మొదలవ్వాలి. అది చూశాక నేనిక్కడ చచ్చిపోయినా పర్లేదు."

"చావడం ఎందుకే, వాణ్ణే చంపుదాం," అనేదాన్ని నేను.

దారి చూపించింది మా కొత్త అయ్యగారు. పాస్టర్లని మేము అయ్యగారనే అంటాం. కుర్రాయన, భయస్తుడు, మంచివాడు. గల్ఫ్‌లో ఉన్న మన ఆడవాళ్ళు కూడా ఫోన్లోంచి వేలం పాడుకునే వీలుంటే బాగుంటుందనీ, చర్చి కప్పు కురుస్తోందనీ కమిటీలో అన్నారు. "చెయ్యగలవా అమ్మా?" అని నన్నడిగారు. చిటికెలో చేస్తానన్నాను. నా పాత ల్యాప్‌టాప్‌నే సర్వరుగా పెట్టి ఒక యాప్ తయారుచేశాను. మెషీను గనక ఆగిపోతే ఇక్కడ చేతులెత్తినవాళ్ళ పాటే చెల్లుతుందని పెద్దాయన షరతు పెట్టాడు. సరే అన్నారు అంతా.

ఆ మొదటి ఏడు పన వేలానికి రాగానే కువైట్ నుంచీ మస్కట్ నుంచీ ఆడవాళ్ళందరూ ఒకేసారి యాప్ తెరిచారు. ల్యాప్‌టాప్‌లో ఫ్యాను గింగిరాలు తిరిగి, రొప్పి, ఆగిపోయింది. పెద్దాయన మైకు అందుకుని, "కువైట్ పాట రాలేదండీ, దారిలో ఇసకలో కూరుకుపోయినట్టుంది" అన్నాడు. ఆవరణంతా పగలబడి నవ్వింది. అక్క ఫోన్లో ఏడుస్తూనే ఉంది. నేను ఇంటికొచ్చి ఆ ల్యాప్‌టాప్‌ని కాలితో తన్నాను. బొటనవేలు వాచింది తప్ప దానికేమీ కాలేదు.

మళ్ళీ ఏటికి ఆ పాట మొత్తాన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించాను. క్లౌడ్ అంటే ఏమిటని అమ్మ అడిగితే పెద్దాయన కొట్టునే చూపించాను. పెళ్ళికి కావలసినన్ని కుర్చీలు ఎవరూ కొని ఇంట్లో పెట్టుకోరు. ఆ పూటకి తెచ్చుకుంటారు, జనం ఎక్కువైతే ఇంకో బండి పంపమంటారు, భోజనాలయ్యాక తిప్పి పంపేస్తారు. సర్వర్లూ అంతే. ఎక్కడో పెద్ద పెద్ద భవనాల్లో యంత్రాలు వేలకొద్దీ ఉంటాయి, వాటిని కావలసినప్పుడు కావలసినన్ని అద్దెకి వాడుకోవచ్చు. తేడా ఏమిటంటే అక్కడ ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు. ముందుగా నియమం రాసిపెడితే చాలు. జనం తోసుకొచ్చిన కొద్దీ కొత్త యంత్రాలు వాటంతట అవే వచ్చి చేరతాయి. ఒకటి చస్తే దాని చోట్లోకి ఇంకొకటి వస్తుంది. గుంపు పోయాక అవీ పోతాయి. కంపెనీలో నేను రోజూ చేసే పని అదే.

"ఒకటి చస్తే ఇంకొకటా?" అంది అమ్మ. ఆ మాట ఒక్కటే ఆవిడకి నచ్చినట్టుంది.

మా వేలంలో ఒక పద్ధతుంది. రెండోసారి పిలిచాక సంఘమంతా కలిసి "పరలోకమందున్న మా తండ్రీ" అనే పరలోక ప్రార్థన చెబుతారు. "ఆమెన్" అనే లోపల ఇంకొకరు పాడితే మళ్ళీ మొదటికొస్తుంది, పాడకపోతే అక్కడితో ఖాయం. ఊళ్ళో గడియారాలు లేని రోజుల్లో మొదలైన లెక్క అది, ఇప్పటికీ మారలేదు. యాప్‌లోనూ అంత వ్యవధే పెట్టాలి కదా. ఎవరు చెప్పే వేగానికి పెట్టాలని ఆలోచించి, సంఘంలో అందరికంటే నెమ్మదిగా చెప్పే ముసలమ్మ ప్రార్థనకి సరిపెట్టాను. పాట ఖాయమైతే మోగడానికి మా చర్చి గంటనే రికార్డు చేసి పెట్టాను. తర్వాత పరీక్ష మొదలెట్టాను. లేని మనుషుల్ని వేలల్లో పుట్టించి, ఒకేసారి యాప్ మీదకి తోలాను. తన్నండి, తొక్కండి, విరగ్గొట్టండి అని. యంత్రాలు పెరిగాయి, తట్టుకున్నాయి, తగ్గాయి. బతికున్న యంత్రాల్ని కావాలనే మధ్యలో చంపి చూశాను. పాట ఆగలేదు. ఆ పనిలో నాకు వచ్చిన ఆనందం మంచి ఆనందమని చెప్పను.

పండగ రోజు ఎండ చురుక్కుమంటోంది. పెద్దాయన షామియానా కింద, పెద్దాయన కుర్చీల్లో సంఘమంతా కూర్చుంది. ఆయన అన్న కొడుకులిద్దరు, ఎద్దుల్లాంటి మనుషులు, మైకు సెట్టు దగ్గర నిలబడ్డారు. నేను అరుగు పక్కన బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. ఆవరణలో ఎవరైనా చెయ్యెత్తితే నేను అందులో కొడతాను, దూరాన ఉన్నవాళ్ళ పాట తెర మీద కనిపిస్తే మాస్టారు మైకులో చదువుతారు. అంతకు మించి ఆ ల్యాప్‌టాప్‌కి పని లేదు. ఆ సంగతి నాకు తెలుసు, పెద్దాయనకి తెలియదు.

మొదటి పన అరుగెక్కింది. పెద్దాయన కాలు మీద కాలేసుకుని తన మాట అన్నాడు. తెర మీద అక్క పాట వచ్చింది. మాస్టారు చదివారు. ఆవరణ మొత్తం మెడలు తిప్పి మా అమ్మ వంక చూసింది. అమ్మ పమిట సర్దుకుని నేల చూపులు చూస్తోంది.

పెద్దాయన పెంచాడు. అక్క పెంచింది. ఆయన కాలు కిందకి దించి పెంచాడు. అక్క మళ్ళీ పెంచింది. ఎంతదాకా వెళ్ళిందో ఇక్కడ చెప్పను, చెబితే ఊళ్ళోవాళ్ళలాగే మీరూ దాని గురించే మాట్లాడుకుంటారు. అక్క ఒక్కత్తే కాదు అప్పటికి. దాని గదిలోవాళ్ళు, పక్క భవనంలో పనిచేసేవాళ్ళు, మస్కట్‌లో ఉన్న మా వీధి పిన్నులు, "మా వాటా కూడా కలుపుకోవే" అని దానికి సందేశాలు పెడుతున్నారు. గల్ఫ్‌లో మా డెల్టా ఆడవాళ్ళున్న ప్రతి వంటగదిలోకీ కబురు పాకింది. చూసేవాళ్ళు పెరిగిపోతున్నారు. నా ఫోన్లో యంత్రాల గీత మెట్లెక్కినట్టు పైకి పోతోంది.

"రెండోసారి!" అన్నారు మాస్టారు. నేను యాప్‌లో ప్రార్థన లెక్క మొదలెట్టాను.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఇంకో మాట పాడతాడనుకున్నాను. పాడలేదు. అన్న కొడుకుల వంక చూశాడంతే. ఒకడు మైకు సెట్టు కరెంటు తీగ పీకేశాడు. చర్చి వైఫై కూడా ఆ తీగ మీదే ఉంది, అదీ పోయింది. రెండోవాడు వచ్చి బల్లని తన్నాడు. బల్ల అంచు నా మోకాలికి తగిలి నేను వెల్లకిలా పడ్డాను. లేచేసరికి వాడు ల్యాప్‌టాప్‌ని చంకలో ఇరికించుకుని గట్టు ఎక్కుతున్నాడు. మా కళ్ళ ముందే కాలవలోకి విసిరేశాడు. అది నీళ్ళని కోసుకుంటూ వెళ్ళి మునిగింది.

"మెషీను ఆగిపోయిందండీ!" అన్నాడు పెద్దాయన, మైకు లేకపోయినా అందరికీ వినబడేటట్టు. "షరతు గుర్తుందిగా? ఇక్కడున్న చేతుల పాటే చెల్లుతుంది. పన నాది."

ల్యాప్‌టాప్ విసిరినవాడు గట్టు దిగి దులుపుకుంటూ వస్తున్నాడు. నా చేతికి దొరికింది మడత కుర్చీ, ఇనపది, పెద్దాయన కొట్టుదే. ఎత్తి వాడి మొహం మీద కొట్టాను. ముక్కు దగ్గర ఏదో చిట్లింది. వాడు రెండు చేతులతో మొహం పట్టుకుని వంగాడు, వేళ్ళ సందుల్లోంచి నెత్తురు తెల్లచొక్కా మీదకి ధారగా కారింది. రెండోసారి వీపు మీద కొట్టాను. కొట్టినందుకు నేను ఏ రోజూ బాధపడలేదు. ఇవాళ రాస్తున్నప్పుడూ బాధ లేదు.

ఆ తర్వాత ఎవరు ఎవరిని కొట్టారో దేవుడికే తెలియాలి. మా వీధి మగవాళ్ళు లేచారు, మేడ తాలూకు మగవాళ్ళు లేచారు. కుర్చీలు గాల్లో ఎగిరాయి. గుమ్మడికాయలు పగిలాయి. కట్టేసిన కోళ్ళు జనం కాళ్ళ కింద పడి అరిచాయి. ఎవరో గుడారం పైపు ఊడబెరకడంతో షామియానా ఒక పక్క కూలి ముసలాళ్ళ మీద పడింది. పైపు పట్టుకున్నది మైకు తీగ పీకిన అన్న కొడుకు. నా తలకి గురిపెట్టాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. మణికట్టు దగ్గర ఎముక విరగడం నాకు నొప్పిగా కాదు, చల్లగా తెలిసింది. అయ్యగారు మధ్యలోకి వచ్చి, "వద్దండీ, దేవుని ఆవరణండీ" అంటుండగా ఆయన కళ్ళద్దాలు ఎవరి మోచేతికో తగిలి ఎగిరిపోయాయి.

ఆ గలభాలో ఒక గొంతు వినబడింది. కూలిన షామియానా కిందనుంచి. నా యాప్‌లో కాలాన్ని ఎవరి వేగానికి సరిపెట్టానో ఆ ముసలమ్మ, బయట ఏం జరుగుతోందో కూడా తెలియకుండా, రెండోసారి పిలిచినప్పటి నుంచీ తన అలవాటు ప్రకారం, ఒక్కో మాటా సాగదీస్తూ, పరలోక ప్రార్థన చెబుతూనే ఉంది. ఆవిడ పక్కనున్న ముసలివాళ్ళు అందుకున్నారు. తర్వాత ఆడవాళ్ళు. ఒకరి జుట్టు ఒకరు పట్టుకుని ఉన్న మగవాళ్ళలో కొందరి పెదాలు కూడా కదిలాయి. చిన్నప్పటి నుంచీ రెండోసారి తర్వాత ఆ ప్రార్థనే చెప్పిన నోళ్ళు, దెబ్బలు తగులుతున్నా ఆగలేదు.

"ఆమెన్," అంది గుడారం కింది గొంతు.

చర్చి గంట మోగింది. గంట తాడు దగ్గర ఎవరూ లేరు. అది చొక్కా జేబుల్లోంచి, చేతి సంచుల్లోంచి, జాకెట్లలోంచి, నేల మీద పడి అద్దం పగిలిన ఫోన్లలోంచి ఆవరణంతా మోగింది. వైఫై పీకారు గానీ ఎవరి ఫోన్లో డేటా వాళ్ళకుంది. ల్యాప్‌టాప్ కాలవలో ఉంది, పాట అందులో ఎప్పుడూ లేదు. కొట్టుకుంటున్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే చేతులు దించి జేబులు తడుముకున్నారు. మాస్టారు తన ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని అక్క పేరు చదివారు. "మూడోసారి" అనడం మర్చిపోయి, మళ్ళీ గుర్తొచ్చి అన్నారు.

పెద్దాయన ఎవరి ఫోనో లాక్కుని చూశాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "ఎక్కడుందది?" అన్నాడు. ఎక్కడుందో చెబుదామనుకున్నాను, కానీ అప్పటికి నొప్పి మొదలై మణికట్టు పట్టుకుని నేల మీద కూలబడ్డాను. ఆయన అరుగు మీది పనని తీసి నేలకేసి కొట్టి, చెప్పుకాళ్ళతో తొక్కి, వెళ్ళిపోయాడు. కట్టు తెగి కంకులు నెత్తుట్లోనూ గుమ్మడి గుజ్జులోనూ చెల్లాచెదరయ్యాయి. మా వీధి ఆడవాళ్ళు వంగి ఒక్కొక్క కంకీ ఏరారు. అమ్మ తన పాత పమిట అంచు చింపి కట్ట కట్టింది. ఆ పనని గుమ్మానికి వేలాడగట్టుకున్నాం. పిచికలు వచ్చి తింటుంటే అమ్మ వాటిని కూడా తోలేది.

పోలీసుల దాకా వెళ్ళకుండా అయ్యగారు రెండు పక్కలా తిరిగి రాజీ కుదిర్చారు. పన మాది, కేరల్స్ మా గుమ్మంలో మొదలవుతాయి. సంఘ పెద్ద కూడా రావాలి, ఎందుకంటే మొదటి గుమ్మంలో ఇంటివాళ్ళు సంఘ పెద్దకి కండువా కప్పడం ఆచారం. అది వినగానే నేను పిండికట్టు చేతితోనే గోడని గుద్దాను.

"వాడికి కండువా కప్పాలా? నాన్నని కొట్టినవాడికి? సిగ్గులేదా మనకి?"

"ఆచారం ఆచారమేనే," అంది అమ్మ. "కప్పుతాను."

పాలకొల్లు బజారుకి తనే వెళ్ళి తెచ్చింది. జరీ అంచున్న మంచి కండువా. నేను రెండు రోజులు అమ్మతో మాట్లాడలేదు.

కేరల్స్ మొదలయ్యే సాయంత్రం, దీపాలు పెట్టే వేళకి, సంఘమంతా మా చివరి వీధిలోకి వచ్చింది. అంతమందిని మా గుమ్మం ముందు నేను ఎన్నడూ చూడలేదు. కాగితం నక్షత్రం వెలుగులో ముక్కు మీద ప్లాస్టరుతో ఒకడు, కుంటుతూ ఒకడు, కొత్త కళ్ళద్దాలతో అయ్యగారు. నేను ఫోన్ని స్టాండుకి బిగించి, అదే యాప్‌లో గల్ఫ్ వాళ్ళందరూ చూసేటట్టు పెట్టాను. అక్క ఉందని తెర మీద తెలుస్తోంది. మాట లేదు, పేరు పక్కన పచ్చ చుక్క మాత్రం ఉంది.

పెద్దాయన ఇస్త్రీ చొక్కాలో వచ్చి, గుమ్మం ముందు, మొహం ఎటో పెట్టి నిలబడ్డాడు. అమ్మ పళ్ళెంలో కండువా పట్టుకుని మెట్లు దిగింది. ఆయన ఆచారం ప్రకారం కాస్త తల వంచాడు. అమ్మ పళ్ళెం నా ఎడం చేతికిచ్చింది. పమిట చెంగు నడుముకి దోపుకుంది. కుడి చెయ్యి వెనక్కి తీసి, ఆయన చెంప మీద కొట్టింది.

ఆ చేత్తో ఏళ్ళ తరబడి నాట్లేసింది, కలుపు తీసింది, మోపులెత్తింది. పెద్దాయన పక్కకి తూలి డోలక్కు వాయించే ఆయన మీద పడ్డాడు. డోలక్కు కింద పడి దొర్లింది. అన్న కొడుకులు ముందుకు ఉరికారు. నేను గుమ్మం పక్కనున్న రోకలి అందుకున్నాను, ఒంటిచేత్తో, ఈసారి ఎముక ఎవరిది విరిగినా సరే అనుకుని. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి వాళ్ళని ఆపాడు. చెంప పట్టుకుని అమ్మ వంకే చూస్తున్నాడు. అది ఏ దెబ్బకి బదులో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

అమ్మ పళ్ళెంలోంచి కండువా తీసి, మడత విప్పి, ఆయన భుజాల మీద శుభ్రంగా కప్పింది. అంచులు సమానంగా సర్దింది.

"ఇక మొదలెట్టించండి అన్నయ్యగారండీ," అంది. "టీ చల్లారిపోతుంది."

అయ్యగారు భయంతో ఏ పాటో ఒకటి ఎత్తుకున్నారు. తప్పు శ్రుతిలో ఎత్తుకున్నారు. అయినా అన్ని చరణాలూ పాడారు. పెద్దాయన కండువాతో అలాగే చివరిదాకా నిలబడ్డాడు. టీ తాగాడా లేదా నేను చూడలేదు, నేను అమ్మని పట్టుకుని ఏడుస్తున్నాను. ఆవిడ చెయ్యి ఇంకా వేడిగానే ఉంది.

మర్నాడు పొద్దున్న ఆఫీసు పని మొదలెట్టేముందు యాప్ లెక్కలు తెరిచాను. సాయంత్రం అంతా చదునుగా ఉన్న గీత, అమ్మ మెట్లు దిగిన తర్వాత నిట్టనిలువుగా లేచింది. ఎవరు ఎవరికి ఫోన్ చేసి చెప్పారో, ఎన్ని వంటగదుల్లోంచి పరిగెత్తుకొచ్చారో. యంత్రాలు అడక్కుండానే వచ్చి నిలబడ్డాయి. నేను ఆ గీతని చూసి చాలాసేపు నవ్వుకున్నాను.

అప్పుడే అక్క ఫోన్ చేసింది. బట్టలుతికే గదిలోంచి, గుసగుసగా. నేను చెప్పబోతుంటే ఆపేసింది.

"చూశాను. అంతా చూశాను. మేడం పక్కనే ఉందే, ఫోన్లో సౌండు పెట్టుకోడానికి లేకపోయింది." వెనక వాషింగ్ మెషీను తిరుగుతోంది. "చెల్లీ, చప్పుడు వచ్చిందా?"

"వచ్చిందక్కా."

"గట్టిగానా?"

"వీధి మొదట్లో వాళ్ళకి కూడా వినబడింది."

అక్క ఏడవడం మొదలెట్టింది. మేడం పిలుస్తున్నా ఆపలేదు.